పెరటాసిలో పరీక్ష చేసిన కడుపు

మా ఉద్యోగానికి ఆసుపత్రి కాగితాల మీద డైటీషియన్ అని పేరు. తిరుపతిలో నేను పనిచేసిన పెద్దాసుపత్రిలో ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు తక్కువ. వార్డుబాయ్ దగ్గర్నుంచి రోగుల దాకా అందరికీ నేను ‘పత్యం మేడమ్’ని. మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఇదే పనికి పెట్టుకుంటున్న పేర్లు వింటుంటే, ఆ పాత పేరే నయమనిపిస్తోంది. గట్ హెల్త్ కోచ్ అట, మెటబాలిక్ మెంటార్ అట. మా వీధి చివర ఒకతను తన పేరు కింద ‘మైక్రోబయోమ్ ఆర్కిటెక్ట్’ అని రాయించుకున్నాడు. కడుపులో మేడ కడతాడు కాబోలు.

ఈ ఏడాది కోర్సు ముగించిన ఆడపిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. ఒకమ్మాయి ఫోను చూసుకుంటోంది, ఇంకో అమ్మాయి నన్ను వీడియో తీస్తోంది. ఇట్లా లాభం లేదని రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటి వల్ల నాకే పెద్దగా ఒరిగింది లేదు, మీకేం ఒరుగుతుంది?

చపాతీ చార్టు

నేను చేరిన కొత్తల్లో మా మీద ఒక సూపరింటెండెంట్ ఉండేవారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఎక్కడో ఉత్తరాదిలో జరిగిన సమావేశానికి వెళ్లి ఒక ఆహారపట్టిక తెచ్చుకున్నారు. దాన్ని జిరాక్సు తీయించి, షుగరు ఉన్నవాళ్లందరికీ అదే పంచమన్నారు. పొద్దున రెండు చపాతీలు, మధ్యాహ్నం మూడు, రాత్రి రెండు. పనీరు, ఆపిలు, మొలకలు. సంగటి మాటగానీ, చేప మాటగానీ అందులో లేవు. “ఈ జిల్లాలో సగం ఇళ్లల్లో చపాతీ కర్ర లేదు సార్” అన్నాను. “కొనుక్కోమను” అన్నారు.

తడ దగ్గర నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. సరస్సులో చేపలు పట్టుకుని బతికే కుటుంబం. చార్టు తీసుకుని వెళ్లి, నెల తిరిగి వచ్చేసరికి షుగరు మొదటిసారి కంటే ఎక్కువైంది. సూపరింటెండెంటుగారు ఆయన్ని వార్డు మధ్యలో నిలబెట్టి అరిచారు. ఆ మనిషి తల వంచుకుని విన్నాడు. తరవాత నేను పక్కకు పిలిచి, ఏం తిన్నావని అడిగాను.

“మీరు రాసిచ్చిందే మేడమ్. చేప మానేసినాను. అన్నం మానేసినాను. మా ఇంట్లో ఆడోళ్లకు చపాతీ సేసేది రాదు. రోడ్డు మీద అంగట్లో పరోటా తెచ్చుకుంటా ఉండా, మూడు పూట్లా.”

“పరోటా వేరు, చపాతీ వేరు పెద్దాయనా. అది మైదా, నూనె.”

“అదీ పిండే కదా మేడమ్. అదీ గుండ్రంగానే ఉండాది.”

ఆయన తప్పేమీ లేదు. పొద్దున్నే పట్టిన చేప, ఇంత అన్నం, ఒక కూర తినే మనిషిని తీసుకెళ్లి హైవే పక్కన పరోటా అంగట్లో కూర్చోబెట్టింది మా చార్టు. ఈ సంగతి చెబితే సూపరింటెండెంటుగారు, “పేషెంటుకు కంప్లయన్స్ లేదు, అని రాయండి” అన్నారు, అంటే చెప్పిన మాట వినలేదని. నేను రాయలేదు. రోగి ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందో తెలియకుండా నోటికొచ్చింది రాసిచ్చి, జరగకపోతే రోగినే తిట్టే అలవాటు ఆయనతో పోతుందనుకున్నాను. పోలేదు, ఇప్పుడు దానికి ఏసీ గది కూడా వచ్చింది.

అడగడం రావాలి

మన పనిలో నూటికి తొంభై వంతులు అడగడమే. అది మీకు ఏ కాలేజీలోనూ సరిగ్గా నేర్పరు.

మన ప్రాంతంలో ‘ఏమన్నా తిన్నావా’ అని అడిగితే ‘లేదు మేడమ్, ఏమీ తినలేదు’ అంటారు. నాలుగు దోసెలు తిని, కాఫీ తాగి వచ్చిన మనిషే ఆ మాట అంటాడు. అబద్ధం కాదు. మనకు తినడమంటే అన్నమో సంగటో తినడం. మిగతాదంతా టిఫిను, అది లెక్కలోకి రాదు. శనివారం ఒక్కపొద్దు ఉన్నానంటే ఉపవాసం ఉన్నట్టు అనుకుని మీరు రాసుకుంటారు. ఆ ఒక్కపొద్దులో ఉప్మా ఉండొచ్చు, వడలు ఉండొచ్చు, అరటిపళ్లు ఉండొచ్చు. ఇన్సులిన్ సూది వేసుకుని ఏమీ తినకుండా నిజంగానే ఒక్కపొద్దు ఉండి, కళ్లు తిరిగి పడి మా వార్డుకొచ్చిన వాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే మాట, మనిషిని బట్టి తేడా.

అందుకే నేను తిండి గురించి నేరుగా అడిగేదాన్ని కాదు. పొద్దున లేచినప్పట్నుంచి ఏం చేశావో చెప్పమనేదాన్ని. ఆవులు పిండినాను, కాఫీ తాగినాను, మడికాడికి పోయినాను, ఆడ చెనిక్కాయలు నమిలినాను, ఇట్లా వస్తుంది. దానికి సమయం పడుతుంది. ఫోనులో పది ప్రశ్నలకు టిక్కులు పెట్టించుకునే వాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది. నవ్వుకోనివ్వండి.

కడుపులో పురుగుల కాలం

నేను రిటైరయ్యే వేళకు పేగుల్లో బ్యాక్టీరియా గురించిన మాటలు మొదలయ్యాయి. ఆ శాస్త్రాన్ని నేను ఎగతాళి చేయను. మన పేగుల్లో లెక్కకందనన్ని సూక్ష్మజీవులు ఉన్నాయి. మనం అరిగించుకోలేని పీచును అవి తిని, మనకు మేలు చేసేవి కొన్ని తయారుచేస్తాయి. ఒకే దోసె ఇద్దరు తింటే ఇద్దరికీ షుగరు ఒకేలా పెరగదు. మనిషికో తీరు తిండి కావాలన్నదీ నిజమే. తడ పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్నది అదే. అయితే తిండి మారితే కొన్నాళ్లకే ఆ జీవుల లెక్కలూ మారతాయి. ఇవాళ ఇచ్చిన నమూనా ఈ మధ్య తిన్నదాని గురించి కొంత చెబుతుంది, అంతే. దాన్ని జాతకం చేసి, జీవితాంతం ఏం తినాలో రాసిచ్చేంత దూరం ఆ శాస్త్రం ఇంకా పోలేదు. దుకాణాలు మాత్రం అప్పుడే పోయాయి.

ఇంకో మూక కూడా ఉంది. మా అవ్వ సద్దన్నం తాగి నూరేళ్లు బతికింది, పూర్వీకులకు అన్నీ తెలుసు, బ్యాక్టీరియా సంగతి మనవాళ్లే ముందు చెప్పారు అని పొద్దున్నే మెసేజులు పంపుతారు. సద్ది మంచిదే, నేనూ తాగుతాను. అదే సద్ది తాగి నలభై ఏళ్లకే పోయిన అవ్వలు ఎంతమందో. వాళ్ల గురించి మెసేజు పంపడానికి మనవళ్లు లేరు.

మునెమ్మ కాలు

రిటైరయ్యాక ఒక శీతాకాలం, నాతో పనిచేసిన సర్జన్ ఫోను చేశాడు. మునెమ్మ అని ఒకామె, వడమాలపేట దగ్గర పల్లె. షుగరు వల్ల కాలి వేలు తీసేశారు. పాదం కింద గాయం మిగిలింది. “చీము లేదు, రక్తం బాగానే పారుతోంది, షుగరు అదుపులో ఉంది, కిడ్నీలు బాగున్నాయి. అయినా కండ పట్టడం లేదు మేడమ్. మనిషి చూస్తే చిక్కిపోతోంది. మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చిందంటే మడమ పైదాకా కోయాలి. ఏం తింటోందో మీరు కనుక్కోండి” అన్నాడు.

మరుసటి రోజు కొడుకు లోకనాథం ఆమెను ఆటోలో మా ఇంటికి తీసుకొచ్చాడు. అతను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మంచి పిల్లవాడు, తల్లిని మెట్ల మీద ఎత్తుకుని తెచ్చాడు. మునెమ్మ కట్టు ఉన్న కాలు ముందుకు చాపి కూర్చుంది. చెంపలు పీక్కుపోయాయి, జాకెట్టు చేతులు వదులైపోయాయి.

“పొద్దున లేచి ఏం చేస్తావు మునెమ్మా?”

“ఏం సేసేది మేడమ్, ఒంటికాలితో. కోడలు ఆవులు పిండతాది, నేను గట్టుమీద కూసోని సూస్తా. పాలన్నీ డెయిరీకి పోతాయి. నేను ఆ పొడి నీళ్లల్లో కలుపుకోని తాగతా.”

“ఏం పొడి?”

లోకనాథం సంచిలోంచి ఒక డబ్బా, మెరిసే కాగితాల పుస్తకం తీశాడు. వాళ్ల ఫ్యాక్టరీలో ఒక క్లినిక్ వాళ్లు శిబిరం పెట్టారట. మలం నమూనా చిన్న డబ్బాలో ఇస్తే కడుపులో ఏ బ్యాక్టీరియా ఉందో చూసి, మీ ఒక్కరికే సరిపోయే తిండి చెబుతామన్నారట. తల్లి గాయం మానుతుందని ఆశపడి, ఆమె నమూనా తీసుకెళ్లి ఇచ్చాడు. వాళ్లు అమ్మినవే ఈ పుస్తకం, ఈ పొడి.

“గుడ్డు, కోడి, చేప నాకు పడవంట మేడమ్” అంది మునెమ్మ. “పప్పు, పాలు తగ్గించమన్నారు. ఎందుకొచ్చిన గొడవని అన్నీ మానేసినా. నా కడుపులో వాట్ని అరాయించే పురుగులు లేవంట.”

“ఇన్నాళ్లూ కోడికూర తిన్నావా?”

“పుట్టినప్పట్నుంచీ.”

“అరగకుండా ఎప్పుడైనా ఇబ్బంది పడినావా?”

“లేదు మేడమ్. రాళ్లు తిన్నా అరిగేది. పురుగులు లేకనే అరిగిందేమో మరి.”

నాకు నవ్వూ వచ్చింది, కడుపు మండిపోయింది కూడా. గాయం పూడాలంటే కండ పుట్టాలి, కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. తిండి ఒక్కటే గాయాన్ని మాన్పుతుందని నేననను. కాలు మీద బరువు పడకూడదు, కట్టు మారాలి, మందులు పడాలి. అవన్నీ సరిగ్గా జరుగుతున్న మనిషికి తిండి మాత్రం ఆపేశారు. ఊరంతా అనపకాయలు వలుచుకుని, గింజల తోలు పితికి, పితికిపప్పు వండుకునే కాలం అది. పెరట్లో కోళ్లు గుడ్లు పెడుతుంటే అవి పక్కింటికి పంపి, ఈమె పొడి నీళ్లు తాగుతోంది.

“ఇది సైన్సు మేడమ్” అన్నాడు లోకనాథం నెమ్మదిగా. “ఫారిన్ మిషన్లో చూసినారంట. మనం ఊరికే తిను అంటే, రేపు ఏమన్నా అయితే?”

అతని భయం నాకు అర్థమైంది. తిట్టలేదు. మునెమ్మ కూడా కొడుకు మొహం చూసి, “వాడు నాకోసరం సేసినాడు మేడమ్, వాడి మాట తీసేయలేను” అంది. కాలి కట్టు సవరించుకుంటూ, “కాలు పోతే మాత్రం ఆవుల్ని అమ్మేయాల. కోడలికి నెలల బిడ్డ ఉండాది, అది ఎంతకని సూస్తాది” అని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అడిగాను, నమూనా ఎప్పుడు ఇచ్చారని.

“ఎప్పుడంటే, మూడో శనివారం తళిగ ఏసినాం సూడండి, దాని మర్నాడు” అంది మునెమ్మ.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మన వైపు పుట్టని పిల్లలు ఇది చదువుతుంటే వాళ్లకోసం చెబుతున్నాను. పెరటాసి, అంటే సెప్టెంబరు అక్టోబర్ల మధ్య వచ్చే వెంకన్న నెల, వస్తే చిత్తూరు, తిరుపతి పల్లెల్లో నీసు తినే ఇళ్లు కూడా గుడ్డును గడప తొక్కనివ్వవు. కోడి అంగళ్లవాళ్లు ఈగలు తోలుకుంటారు. శనివారాలు ఒక్కపొద్దు ఉండి, ఇంట్లో గోవిందుడికి తళిగ వేస్తారు. ఆకు నిండా అన్నం, వడలు, పాయసం పెట్టి, బియ్యప్పిండి బెల్లం కలిపిన ముద్దతో దీపం చేసి వెలిగిస్తారు. దీపం కొండెక్కాక ఆ పిండిముద్దే ప్రసాదం. మునెమ్మ కడుపులో వాళ్లు పరీక్ష చేసింది అదన్నమాట. పిండిదీపం, వడ, పాయసం.

మేడమీద క్లినిక్

లోకనాథాన్ని వెంటబెట్టుకుని తిరుపతిలో వాళ్ల క్లినిక్‌కి వెళ్లాను. మొదటి అంతస్తు, గోడల నిండా రంగురంగుల బ్యాక్టీరియా బొమ్మలు, మధ్యలో గాజు టీపాయి. డైరెక్టర్ కుర్రవాడే, చిత్తూరువాడే. నేనెవరో తెలుసుకుని మర్యాదగా లేచి నిలబడ్డాడు. మీలాంటి సీనియర్లు మాతో కలిసి పనిచేయాలి మేడమ్ అని కూడా అన్నాడు.

“మీరు పెరటాసిలో నీసు తింటారా?” అని అడిగాను.

“అయ్యో, లేదు మేడమ్! మా ఇంట్లో చాలా స్ట్రిక్టు. ఎగ్ కూడా రానివ్వం. శనివారాలన్నీ ఒక్కపొద్దే” అన్నాడు గర్వంగా.

“ఆ సంగతి మీ మిషనుకు తెలుసా?”

అతనికి వెంటనే ఎక్కలేదు. మునెమ్మ రిపోర్టు టేబుల్ మీద పెట్టి చెప్పాను. అప్పుడు కంప్యూటర్ తిప్పి చూసుకున్నాడు.

“ఫామ్‌లో నాన్‌వెజ్ అని టిక్ పెట్టారు మేడమ్. శాంపిల్లో ఆ ప్యాటర్న్ రాలేదు. అట్లా వస్తే నాన్‌వెజ్ బాడీకి సూటవడం లేదని అల్గారిథమ్ తీసుకుంటుంది.”

అంటే కోడి తింటానని చెప్పిన మనిషి కడుపులో కోడి ఆనవాలు కనబడలేదు కాబట్టి, కోడి ఆమెకు పడదని తేల్చారు. ఈ డైరెక్టర్ అదే పెరటాసి నెలలో తన ఇంట్లో తళిగ వేసుకుని, తన వంటింట్లో గుడ్డు రానివ్వకుండా, పొద్దున్నే స్నానం చేసి నామం పెట్టుకుని ఈ క్లినిక్‌కి వచ్చి, జిల్లా మొత్తం నుంచి డబ్బాలు తీసుకున్నాడు. వాటన్నిటి నుంచీ ఒకేలాంటి రిపోర్టు వస్తుంటే ఒక్కసారి తల గోక్కోలేదు. చదువు తక్కువైనవాడు కాదు. ఇంట్లో మనిషిగా తెలిసింది ఆఫీసులో కుర్చీ ఎక్కగానే మరిచిపోయే జబ్బు అది. మా సూపరింటెండెంటుకూ అదే ఉండేది. ఆయన ఇంట్లో రోజూ సంగటే వండేవారని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది.

“రీటెస్ట్ ఫ్రీగా చేసిస్తాం మేడమ్” అన్నాడు డైరెక్టర్.

“ముందు మిగతా పెరటాసి డబ్బాలవాళ్లకు ఫోన్లు చెయ్యి అప్పా. వాళ్లేం మానేసి కూర్చున్నారో కనుక్కో” అన్నాను. చూస్తాం మేడమ్ అన్నాడు. చూడడని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

మెట్లు దిగుతూ లోకనాథం ఆగిపోయాడు. “నేనే మేడమ్, డబ్బా తీసకపోయింది. మా ఇంట్లో ఇంకా దీపంపిండే తింటా ఉన్నాం ఆ పొద్దు. నాకు తట్టలా” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. పైన కూర్చున్నవాడి కంట్లో రావాల్సిన నీళ్లు ఈ పిల్లవాడి కంట్లో వచ్చాయని నాకు ఇప్పటికీ కోపం.

గుడ్డు, పప్పు, అంతే

మునెమ్మకు నేను చార్టు రాయలేదు. కోడలిని పిలిపించుకుని, వాళ్లింట్లో ఏం వండుతారో ఆ రోజంతా చెప్పించుకుని, అందులోంచే చెప్పాను. పొద్దున గుడ్లు, సంగటి ముద్ద కాస్త చిన్నది, పక్కన పప్పు ఎక్కువ, పితికిపప్పు ఉన్నన్నాళ్లూ అదే, డెయిరీకి పోయే పాలల్లో కొన్ని ఇంట్లోకే, పెరుగూ ఆ పాలదే. వారంలో రెండుసార్లు కోడికూర. ఆకుకూర ఏది దొరికితే అది. షుగరు చూసుకుంటూ సర్జన్‌తో మాట్లాడుకుంటూ కొంచెం కొంచెం మార్చాం. ఇందులో గొప్ప ఏమీ లేదు. మీలో ఎవరైనా చేయగలరు. చేయాలంటే మాత్రం ఆ కోడలితో కూర్చుని ఒక పూట మాట్లాడాలి.

మొదట్లో మునెమ్మ భయపడింది. గుడ్డు తిన్న రోజు కడుపు పట్టుకుని కూర్చుని ఏమవుతుందోనని చూసిందట. ఏమీ కాలేదు. కొన్ని వారాలకు సర్జన్ ఫోను చేసి, గాయం అడుగున ఎర్రగా కొత్త కండ కనిపిస్తోందన్నాడు. ఆ మాట వినగానే వంటింట్లోకి వెళ్లి ఒక్కదాన్నే కాసేపు ఏడ్చాను. ఎండలు ముదిరేసరికి గాయం పూర్తిగా మూసుకుపోయింది. కాలు నిలిచింది.

అంతటితో ఆపేద్దును. కానీ ఎండాకాలంలోనే మునెమ్మ ఒక రోజు ఉన్నట్టుండి మా ఇంటి ముందు దిగింది. బస్సులో, ఒక్కతే. కాలికి మెత్తటి చెప్పులు. మొహం జేవురించి ఉంది.

“మేడమ్, పుత్తూరు రోడ్డులో బోర్డు సూసినారా?”

చూడలేదు. రిపోర్టు ఇచ్చిన రోజు క్లినిక్‌వాళ్లు ఆమెను కూడా రమ్మని ఫోటో తీశారట. ఇప్పుడు ఆ ఫోటో రోడ్డు పక్కన పెద్ద బోర్డెక్కింది. మా పర్సనల్ డైట్‌తో కాలు కాపాడుకున్న రైతమ్మ అని రాశారు. గాయం మానిందన్న కబురు వాళ్లకు ఎట్లా చేరిందో తెలియదు. ఎట్లా మానిందో కనుక్కునే తీరిక మాత్రం లేకపోయింది.

“రాండి పోదాం” అంది. వద్దన్నా వినేటట్టు లేదు, వెంట వెళ్లాను.

మెట్లెక్కేటప్పుడు చెయ్యి అందించబోతే వద్దంది. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ తనే ఎక్కింది. లోపల హాలు నిండా జనం, అందరి ఒళ్లోనూ ఆ చిన్న డబ్బాలే. మునెమ్మ సోఫాలో కూర్చుని, చెప్పు విప్పి, కుడికాలు తీసి ఆ గాజు టీపాయి మీద పెట్టింది. వేలు లేని చోటు, దాని కింద అరికాల్లో మానిన మచ్చ, అందరికీ కనిపించేటట్టు.

“బోర్డు మీద ఉండేది నేనే” అంది జనంతో. “ఈళ్లు ఇచ్చిన పొడి తాగినన్నాళ్లూ ఇది మానలేదు. మా కోడి పెట్టిన గుడ్లు తిని మానింది. డబ్బా ఇచ్చే ముందు, ఈ నెల్లో ఏం తిన్నారో సూసుకోండి.”

రిసెప్షన్‌లో అమ్మాయి పరుగున వచ్చింది. “అమ్మా, కాలు తీయండి, అది టేబులు.”

మునెమ్మ కాలు ఇంకాస్త ముందుకు జరిపింది.

“ఉండే కాలే కదమ్మా పెట్టినా” అంది. “మీ మాటే ఇంటా ఉండింటే, తీయమనేదానికి ఇది కూడా ఉండేది కాదు.”